పాట పట్టించిన పిట్ట

మీ ఎదురుగా బల్లమీద రెండు పిట్టలున్నాయనుకోండి. బతికున్నవి కావు. లోపల దూది కూరి, కాలికి చీటీ కట్టి మ్యూజియంలో భద్రపరచిన నమూనాలు. రెండూ గోరువంక కంటే కాస్త పెద్దవి. రెండింటి వీపూ మచ్చలేని గోధుమరంగు. రెండింటి రొమ్మూ, పొట్టా తెల్లన. ఆ తెలుపు మీద చేప పొలుసుల్లాగా, నెలవంకల్లాగా నల్లని మచ్చలు. రెక్క విప్పి అడుగుభాగం చూస్తే నలుపు, తెలుపు పట్టీలు. అవి కూడా రెండింటికీ ఉన్నాయి. చీటీలమీద రాసిన పేరూ ఒకటే: జూథెరా మొల్లిసిమా.

ఇవి ఒకే జాతి పక్షులా, వేర్వేరు జాతులా అని అడిగితే మీరేమంటారు? "ఒకటే" అంటారు కదూ? మిమ్మల్ని తప్పు పట్టడానికి లేదు. 1842లో ఈ పక్షికి శాస్త్రీయ నామం పెట్టిన నాటినుంచి 170 సంవత్సరాలకు పైగా పక్షిశాస్త్రజ్ఞులందరూ ఆ మాటే అన్నారు. కాని 2016 జనవరిలో తేలిందేమిటంటే, ఆ ఒక్క పేరు చాటున కనీసం మూడు జాతులున్నాయి. వాటిలో ఒకదానికి అప్పటివరకు పేరే లేదు!

ఇన్నేళ్ళూ కన్ను పట్టుకోలేనిదాన్ని పట్టుకున్నది చెవి. ఎలాగో చూద్దాం.

థ్రష్ అంటే ఏ పిట్ట?

మన కథలోని పిట్టలు థ్రష్ కుటుంబానికి చెందినవి. ఈ కుటుంబానికంతటికీ సరిపోయే తెలుగు పేరు ఒకటి దొరుకుతుందేమోనని వెతికాను. ప్రజల నోట నలిగిన మాట నాకు కనిపించలేదు. మన ఊళ్ళలో గోడలమీద తోక ఎగరేస్తూ తిరిగే నల్లంచిని పాత పుస్తకాలు ఈ కుటుంబంలోనే చేర్చాయి. తరువాతి పరిశోధనల్లో అది ఈగపట్టు పిట్టల కుటుంబానికి దగ్గరిదని తేలింది. అందువల్ల ఇక్కడ థ్రష్ అనే మాటనే వాడుకుందాం.

థ్రష్‌లు మనకు పూర్తిగా కొత్తవేమీ కావు. తూర్పు కనుమల అడవుల్లోనూ, నీడ దట్టంగా ఉండే తోటల్లోనూ నారింజరంగు తల, నారింజరంగు పొట్ట ఉన్న ఒక పిట్ట నేలమీద రాలిన ఆకుల్ని ముక్కుతో తిరగేస్తూ కనిపిస్తుంది. అది థ్రష్. థ్రష్‌లకు సాధారణంగా కొన్ని లక్షణాలుంటాయి. అవి నేలమీద గెంతుతూ పురుగుల్ని, వానపాముల్ని వెతుక్కుంటాయి. పండిన పళ్ళు తింటాయి. మనుషుల అలికిడి వినగానే పొదల్లోకి జారుకుంటాయి. కాని పాట విషయంలో మాత్రం ఏ పిరికితనమూ చూపవు. ప్రపంచంలో పేరుపొందిన పాటగత్తెలు, పాటగాళ్ళు చాలామంది ఈ కుటుంబంవారే.

ఇందుకు వాటి శరీరనిర్మాణమే కారణం. మన గొంతు గాలిగొట్టం పైభాగంలో ఉంటుంది. పక్షులకు స్వరం పుట్టే అవయవం గాలిగొట్టం అడుగున, అది రెండు ఊపిరితిత్తులకూ చీలే చోట ఉంటుంది. దాన్ని సిరింక్స్ అంటారు. రెండు శాఖల్లోనూ విడివిడిగా కంపించే పొరలున్నందువల్ల కొన్ని థ్రష్‌లు ఒకే క్షణంలో రెండు వేర్వేరు స్వరాలు పలకగలవు. తనతో తానే జంటగా పాడుకోవడమన్నమాట!

అడవిలో ఒక పాట, బండలమీద ఒక పాట

ఇప్పుడు హిమాలయాలకు వెళదాం. 2009 మే, జూన్ నెలల్లో స్వీడన్‌కు చెందిన పక్షిశాస్త్రజ్ఞుడు పెర్ ఆల్‌స్ట్రోమ్, మన దేశానికి చెందిన శశాంక్ దళ్వీ అరుణాచల్ ప్రదేశ్ పశ్చిమభాగంలోని ఎత్తయిన కొండల్లో పక్షుల్ని పరిశీలిస్తున్నారు.

ఆ కొండలు ఎక్కుతూ పోతే అడవుల రూపు మారుతూ ఉంటుంది. ఎగువన సూదుల్లాంటి ఆకులుండే ఫర్ వంటి చెట్ల అడవులు (శృంగాకార అరణ్యాలు) వస్తాయి. ఇంకా పైకి పోతే చలికి, గాలికి తట్టుకోలేక చెట్లు పూర్తిగా ఆగిపోతాయి. ఆ హద్దును వృక్షరేఖ అంటారు. తూర్పు హిమాలయాల్లో అది సముద్రమట్టానికి సుమారు 4,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. అంతకు పైన గడ్డి, పొట్టి పొదలు, బండరాళ్ళు మాత్రమే ఉండే మండలాన్ని ఆల్పైన్ మండలం అంటారు.

వృక్షరేఖకు దిగువ అడవుల్లో ఆ శాస్త్రజ్ఞులకు ఒక జూథెరా మొల్లిసిమా పాట వినిపించింది. అది శ్రావ్యమైన పాట. సాగదీసిన నిండు స్వరాలు, వాటి మధ్య సన్నని చిన్న స్వరాలు. తరువాత వృక్షరేఖ దాటి పైకి వెళ్ళారు. అక్కడ బండలమీద కూర్చుని అదే జూథెరా మొల్లిసిమా పాడుతోంది. కాని ఆ పాటలో శ్రావ్యత లేదు. గరగరలాడే, గీరినట్లుండే పొట్టి స్వరాలు వేగంగా ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి.

చూస్తే అదే పిట్ట. వింటే మరో పిట్ట. పైగా ఎక్కడ అడవి ఉందో అక్కడ శ్రావ్యమైన పాటే. ఎక్కడ బండలున్నాయో అక్కడ గరగర పాటే. ఇవి రెండు జాతులేమోనన్న అనుమానం వారికి అక్కడే కలిగింది.

ఇలా చెవి అనుమానించడం సైన్సు చరిత్రలో ఇదే మొదటిసారి కాదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులోని సెల్బోర్న్ అనే పల్లెలో గిల్బర్ట్ వైట్ అనే మతాచార్యుడుండేవాడు. ఆకుల మధ్య తిరిగే చిన్న పసుపుపచ్చ పిట్టలన్నిటినీ అప్పట్లో ఒకటే అనుకునేవారు. వాటి పాటల్ని ఏళ్ళ తరబడి శ్రద్ధగా విని, అవి మూడు రకాలని వైట్ గుర్తించాడు. నేడు వాటిని చిఫ్‌చాఫ్, విల్లో వార్బ్లర్, వుడ్ వార్బ్లర్ అనే మూడు వేర్వేరు జాతులుగా పరిగణిస్తున్నాం.

జాతి అంటే ఏమిటి?

ఇక్కడ కాసేపు ఆగి ఒక మాట తేల్చుకోవాలి. తెలుగులో జాతి అనే మాటకు చాలా అర్థాలున్నాయి. భారతజాతి అంటాం, ఒంగోలు జాతి ఎద్దు అంటాం. జీవశాస్త్రంలో మాత్రం ఆ మాటకు ఖచ్చితమైన అర్థం ఉంది. 1942లో జీవశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ మేయర్ చెప్పిన నిర్వచనం బాగా వాడుకలో ఉంది. ప్రకృతిలో తమలో తాము జతకట్టి సంతానాన్ని కనే జీవుల సముదాయం ఒక జాతి. ఆ సముదాయం ఇతర సముదాయాలతో అలా కలవదు.

కనుక రెండు జీవులు ఒకేలా కనిపించడం అసలు విషయం కాదు. ఒంగోలు ఎద్దుకూ, పుంగనూరు పొట్టి ఆవుకూ పోలికల్లో ఎంత తేడా ఉన్నా అవి ఒకే జాతి. చిఫ్‌చాఫ్‌కూ, విల్లో వార్బ్లర్‌కూ ఎంత పోలిక ఉన్నా అవి రెండు జాతులు. ఇలా పైకి ఒకేలా కనిపిస్తూ లోపల వేరుగా ఉండే వాటిని నిగూఢ జాతులు అంటారు.

పక్షుల్లో పాటకు ఇంత విలువ ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. చాలా పాటపిట్టల్లో మగపక్షి పాట రెండు పనులు చేస్తుంది. "ఈ చోటు నాది" అని ఇతర మగపక్షుల్ని హెచ్చరిస్తుంది. "నేనిక్కడున్నాను" అని ఆడపక్షిని పిలుస్తుంది. ఆడపక్షి తన జాతి పాటను గుర్తుపట్టి వస్తుంది. పరాయి పాట దానికి పట్టదు. అంటే పాట రెండు జాతుల మధ్య గోడలాగా నిలబడుతుంది.

పాట ఒక్కటే చాలదా?

"ఇంకేం, తేలిపోయింది కదా! 2009లోనే కొత్తజాతి అని ప్రకటించవచ్చుగా?" అని మీరు అడగవచ్చు. కాని ఆ ప్రకటన రావడానికి దాదాపు 7 ఏళ్ళు పట్టింది. తొందరపడకపోవడానికి గట్టి కారణాలున్నాయి.

మొదటిది: పాటపిట్టలు పాటను చాలావరకు నేర్చుకుంటాయి. పిల్లపక్షి పెద్దల పాట విని సాధన చేస్తుంది. శ్రీకాకుళం తెలుగుకూ, చిత్తూరు తెలుగుకూ యాసలో తేడా ఉన్నట్లే ఒకే జాతి పక్షుల్లో కూడా ప్రాంతాన్నిబట్టి యాసలుంటాయి. యాస వేరైనంత మాత్రాన జాతి వేరు కాదు.

రెండవది: పరిసరాలు కూడా పాటను మలుస్తాయి. అడవిలో చెట్ల మొదళ్ళకూ, ఆకులకూ తగిలి ధ్వని ప్రతిధ్వనిస్తుంది. వేగంగా వచ్చే స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి అలికినట్లవుతాయి. సాగదీసిన శుద్ధస్వరాలైతే చెడకుండా దూరం పోతాయి. ఆరుబయట అలాంటి ఇబ్బంది తక్కువ. పనామాలోని పక్షుల పాటల్ని పరిశీలించిన యూజీన్ మోర్టన్ 1975లో ఈ సంగతి వివరించాడు. మన పిట్టల్లో అడవిపిట్టది సాగదీసిన పాట, బండలపిట్టది వేగపు పాట. ఈ వివరణతో అవి చక్కగా పొసుగుతున్నాయి. అయితే ఒకే జాతి పక్షులే చోటునుబట్టి పాట మార్చుకుంటున్నాయేమో?

ఈ ప్రశ్నలకు జవాబు పాటలో లేదు. వేరే సాక్షుల్ని పిలవాలి. కోర్టులో ఒకే సాక్షి మాట నమ్మి తీర్పు చెప్పరు కదా? ఒకరినొకరు ఎరగని నలుగురు సాక్షులు ఒకే మాట చెబితే దానికి బలం వస్తుంది. ఈ పరిశోధన అంతా ఆ పద్ధతిలోనే సాగింది. స్వీడన్, చైనా, భారతదేశం, అమెరికా, రష్యాలకు చెందిన శాస్త్రజ్ఞులు ఇందులో పాలుపంచుకున్నారు.

మొదటి సాక్షి: పాటకు గీసిన బొమ్మ

ముందుగా చెవి చెప్పినదాన్నే కొలతల్లోకి మార్చారు. రికార్డు చేసిన పాటను కంప్యూటరులో బొమ్మగా మార్చవచ్చు. ఆ బొమ్మను సోనోగ్రామ్ అంటారు. ఎడమనుంచి కుడికి కాలం, కిందనుంచి పైకి స్వరం హెచ్చుతగ్గులు (పౌనఃపున్యం) కనిపిస్తాయి. ఒకే స్థాయిలో సాగే స్వరం అడ్డగీతలా పడుతుంది. గరగర శబ్దం కాగితంమీద సిరా చల్లినట్లు పైనుంచి కిందికి మరకలా పడుతుంది.

మీరు ఈల వేస్తే వచ్చేది గీత. గొంతు సవరించుకుంటే వచ్చేది మరక. అడవిపిట్ట సోనోగ్రామ్‌లో గీతలెక్కువ, బండలపిట్ట సోనోగ్రామ్‌లో మరకలెక్కువ. "నాకు అలా వినిపించింది" అనే మాట ఇప్పుడు ఎవరైనా కొలిచి సరిచూసుకోగల ఆధారంగా మారింది.

రెండవ సాక్షి: సొరుగుల్లోని నమూనాలు

పాటలు వేరైతే శరీరాల్లో కూడా ఏదో తేడా ఉండాలి. ఈ పని అమెరికా పక్షిశాస్త్రజ్ఞురాలు పమేలా రాస్‌ముస్సెన్ చేపట్టింది. ఏడు దేశాల్లోని 15 మ్యూజియంలలో ఉన్న నమూనాల్ని పరిశీలించారు. ముక్కు, రెక్క, తోక, కాలు - అన్నీ కొలిచారు. ఈకల రంగుల్ని పోల్చారు.

అప్పుడు బయటపడింది. ఒకే పేరుతో ఒకే సొరుగులో పడి ఉన్న పిట్టల్లో రెండు పద్దతుల నిర్మాణం ఉంది. అడవిపిట్టకు ముక్కు పొడవు. కాళ్ళు, తోక పొట్టి. వీపు గోధుమరంగులో కాస్త ఎరుపు జీర. బండలపిట్టకు ముక్కు పొట్టి. కాళ్ళు, తోక పొడవు. ఇవన్నీ స్వల్పమైన తేడాలే. కాని ఒకటి రెండు నమూనాల్లో కాక ఆ రకం పిట్టలన్నిటిలో కలిసికట్టుగా కనిపించాయి.

మరి ఇంతకాలం ఎవరూ ఎందుకు చూడలేదు? రెండు కారణాలు చెప్పుకోవచ్చు. ఒకటి, చచ్చిన పిట్ట పాడదు. ఎక్కడ, ఏ ఎత్తున, ఏ చెట్టుమీద పాడిందో చీటీలు తరచు చెప్పవు. రెండు, చలికాలంలో ఈ పిట్టలు కొండలు దిగివస్తాయి. అప్పుడు పాటలు ఆగిపోతాయి. అడవి, బండలు అనే హద్దూ చెరిగిపోతుంది. వెతకాల్సింది ఏమిటో తెలిసేదాకా సొరుగులోని సాక్ష్యం సొరుగులోనే ఉండిపోయింది.

మూడవ సాక్షి: డి.ఎన్.ఎ.

మూడవ సాక్షి కణాల్లో ఉంది. జీవకణంలో డి.ఎన్.ఎ. రెండుచోట్ల ఉంటుంది. అధికభాగం కేంద్రకంలో ఉంటుంది. అది తల్లిదండ్రులిద్దరినుంచీ వస్తుంది. కొద్దిభాగం మైటోకాండ్రియాల్లో ఉంటుంది. అది తల్లినుంచే వస్తుంది. మైటోకాండ్రియాల డి.ఎన్.ఎ. త్వరగా మారుతుంది కాబట్టి దగ్గరి బంధువుల్ని పోల్చడానికి అనువైనది. కాని అది తల్లివైపు కథ మాత్రమే చెబుతుంది. అందుకని శాస్త్రజ్ఞులు మైటోకాండ్రియాలనుంచీ, కేంద్రకంనుంచీ కొన్ని భాగాల్ని తీసుకుని పోల్చారు.

వీటిలో సైటోక్రోమ్ బి అనే జన్యువు ఒకటి. విడిపోయిన రెండు పక్షిశాఖల మధ్య ఈ జన్యువులో తేడా 10 లక్షల సంవత్సరాలకు సుమారు 2 శాతం చొప్పున పెరుగుతుందని ఒక స్థూలమైన లెక్క ఉంది. అందువల్ల తేడాను కొలిస్తే విడిపోయిన కాలాన్ని అంచనా కట్టవచ్చు. మన పిట్టల విషయంలో ఆ అంచనా కనీసం కొన్ని పదుల లక్షల ఏళ్ళని తేలింది. మనుషులు చెందిన హోమో ప్రజాతి వయస్సు సుమారు 28 లక్షల సంవత్సరాలని గుర్తుచేసుకుంటే అదెంత పాత విడిపోవడమో తెలుస్తుంది.

డి.ఎన్.ఎ. మరో ఆశ్చర్యాన్ని కూడా బయటపెట్టింది. మధ్య సిచువాన్ (చైనా) అడవుల్లో గూడుకట్టే థ్రష్‌లు కూడా ఈ పేరుకిందే ఉండేవి. అవీ వేరే జాతి అని తేలింది. హిమాలయ అడవిపిట్టకు దగ్గరి చుట్టం తనకు పైనున్న బండల్లోని పిట్ట కాదు. ఎక్కడో దూరాన ఉన్న ఆ సిచువాన్ అడవిపిట్ట! అంటే ఒకే కొండమీద పైనా కిందా కాపురముంటున్న ఈ రెండు పిట్టలూ తోబుట్టువులు కావు. ఎప్పుడో పైతరాల్లో విడిపోయిన దాయాదులు. అయినా చూపులకు అంత పోలిక!

నాలుగవ సాక్షి: ఉండే చోటు

ఈ సాక్షిని మనం మొదటే కలిశాం. హిమాలయాల్లో చాలాచోట్ల ఈ రెండు పిట్టలూ ఒకే పర్వతశ్రేణిలో గూళ్ళు కడతాయి. కాని ఒకటి వృక్షరేఖకు కింద, ఒకటి పైన. మధ్యలో సముద్రమో, ఎడారో అడ్డు లేదు. రెక్కలున్న పిట్టకు ఆ కొద్దిపాటి ఎత్తు ఎగరడం ఎంతసేపు? అంత దగ్గరలో ఉండి కూడా లక్షల ఏళ్ళుగా కలిసిపోకుండా ఉన్నాయంటే మేయర్ నిర్వచనం ప్రకారం అంతకంటే గట్టి రుజువు ఏం కావాలి?

పాట, శరీరం, డి.ఎన్.ఎ., ఉండే చోటు - నాలుగూ ఒకే మాట చెప్పాయి. ఇలా వేర్వేరు ఆధారాల్ని కలిపి జాతుల్ని నిర్ణయించే పద్ధతిని సమగ్ర వర్గీకరణ అంటారు.

పేరు పెట్టడమూ పరిశోధనే

రెండు జాతులని తేలాక పాతపేరు ఎవరికి చెందాలి? దీనికి అంతర్జాతీయ నియమాలున్నాయి. ఏ నమూనాను చూసి మొదట పేరు పెట్టారో, ఆ నమూనా ఏ జాతిదైతే పేరు ఆ జాతికే చెందుతుంది. 1842లో ఎడ్వర్డ్ బ్లైత్ పెట్టిన మొల్లిసిమా ("చాలా మెత్తనిది" అని అర్థం) అనే పేరు బండలపిట్టకు దక్కింది. దానికిప్పుడు వాడుకపేరు ఆల్పైన్ థ్రష్.

అడవిపిట్టకు వెంటనే కొత్తపేరు పెట్టడానికి వీల్లేదు. పాత రచనల్లో ఎవరైనా ఇప్పటికే దానికి పేరు పెట్టి ఉంటే ఆ పేరే వాడాలి. నేపాల్‌లో బ్రిటిష్ రెసిడెంటుగా పనిచేసిన బ్రయన్ హాడ్జ్‌సన్ 1845లో ఒక థ్రష్‌కు రోస్ట్రాటా అని పేరు పెట్టాడు. అది అడవిపిట్టేమో? ఆ పేరుకు ఆధారమని చాలాకాలంగా భావిస్తున్న నమూనాను వెలికితీసి చూశారు. అది కూడా ఆల్పైన్ థ్రష్‌దే! ఇలా పాతపేర్లన్నీ తిరగేశాక అడవిపిట్టకు నిస్సందేహంగా చెందే పేరు ఏదీ లేదని తేలింది. అప్పుడు పెట్టారు కొత్తపేరు: జూథెరా సలీంఅలీ. వాడుకలో హిమాలయ అడవి థ్రష్. ఇప్పటి జాబితాల్లో క్లుప్తంగా హిమాలయన్ థ్రష్ అని కూడా అంటున్నారు. 2016 జనవరిలో ఏవియన్ రీసెర్చ్ అనే పత్రికలో ఈ వివరాలు వెలువడ్డాయి.

సలీం అలీ (1896-1987) గురించి మీకు చెప్పనక్కరలేదు. భారతదేశంలో పక్షుల్ని గమనించడం సామాన్యులకు నేర్పిన మహనీయుడాయన. 1931-32లో నాటి నిజాం రాష్ట్రమంతటా తిరిగి పక్షుల సర్వే చేశారు. అంతకుముందు బెర్లిన్ వెళ్ళి ఎర్విన్ స్ట్రెజెమన్ వద్ద పక్షిశాస్త్రం అభ్యసించారు. జాతికి నిర్వచనమిచ్చిన మేయర్ కూడా ఆ స్ట్రెజెమన్ శిష్యుడే. సలీం అలీ, డిల్లన్ రిప్లీ కలిసి రాసిన పది సంపుటాల గ్రంథంలో ఈ రెండు పిట్టలూ ఒక్క పేరుకిందే ఉన్నాయి. ఆయన ఒక్కటిగా చూసిన పిట్ట రెండని తేలాక వాటిలో ఒకటి ఆయన పేరునే మోస్తోంది. ఇందులో చిన్నతనమేమీ లేదు. గురువు వదిలిన పనిని శిష్యులు కొనసాగించడం, సరిదిద్దడం సైన్సులో గౌరవం కిందికే వస్తుంది.

1947 తరువాత 2016 వరకు మనదేశంనుంచి ప్రపంచానికి పరిచయమైన కొత్త పక్షిజాతులు నాలుగే. వాటిలో నాలుగవది ఇది. ఈ పిట్ట అరుదైనదేమీ కాదు. తగిన అడవుల్లో బాగానే కనిపిస్తుంది, వినిపిస్తుంది. అందరి కళ్ళముందూ ఉండి కూడా దాగిపోయింది.

పక్కపక్కన పెట్టి చూద్దాం

ఇంతవరకు చెప్పుకున్న తేడాల్ని ఒకచోట చేర్చుకుందాం.

హిమాలయ అడవి థ్రష్ (జూథెరా సలీంఅలీ)
పాట: శ్రావ్యం, సాగదీసిన నిండు స్వరాలు, సన్నని చిన్న స్వరాలు.
గూడుకట్టే చోటు: వృక్షరేఖకు దిగువన శృంగాకార, మిశ్రమ అరణ్యాలు.
శరీరం: ముక్కు పొడవు, కాళ్ళు, తోక పొట్టి, వీపున ఎరుపు జీర.
వ్యాప్తి: తూర్పు హిమాలయాలు, వాయవ్య యునాన్ (చైనా).
దగ్గరి చుట్టం: సిచువాన్ అడవి థ్రష్.

ఆల్పైన్ థ్రష్ (జూథెరా మొల్లిసిమా)
పాట: గరగరలాడే పొట్టి స్వరాలు, వేగం ఎక్కువ.
గూడుకట్టే చోటు: వృక్షరేఖకు ఎగువన బండలు, గడ్డి, పొట్టి పొదలు.
శరీరం: ముక్కు పొట్టి, కాళ్ళు, తోక పొడవు.
వ్యాప్తి: హిమాలయాలు, సిచువాన్.
దగ్గరి చుట్టం: యునాన్‌లో చలికాలపు నమూనాల డి.ఎన్.ఎ.లో మాత్రమే కనిపించిన మరో శాఖ.

చివరి వాక్యం గమనించారా? యునాన్‌లో దొరికిన మూడు నమూనాల డి.ఎన్.ఎ. పై జాతులు వేటితోనూ సరిపోలేదు. కాని చూపులకు అవి ఆల్పైన్ థ్రష్‌లాగే ఉన్నాయి. అవి ఎక్కడ గూడుకడతాయో, ఎలా పాడతాయో పరిశోధకులకు అందలేదు. అందుకే దానిని ప్రత్యేక జాతిగా ప్రకటించలేదు. అక్కడ ఒక్క సాక్షే ఉంది. మిగతా ముగ్గురు రాలేదు. తమ నియమాన్ని తామే పాటించారన్నమాట.

ఒకటైతేనేం, రెండైతేనేం?

"పిట్టలు పిట్టల్లాగే ఉన్నాయి. మనం ఒకటనుకుంటే వాటికేం, రెండనుకుంటే వాటికేం?" అనే ప్రశ్న మీకు వచ్చి ఉండవచ్చు. ఆలోచించవలసిన ప్రశ్నే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక లోయలో శృంగాకార అరణ్యం నరికేశారనుకోండి. కొండపైన బండలమీద పిట్టలు యథాప్రకారం ఉన్నాయి. లెక్కలు రాసేవారు "జూథెరా మొల్లిసిమా క్షేమం" అని రాస్తారు. నిజానికి అడవిపిట్ట ఆ లోయలో లేకుండా పోయింది. దానికి పేరు లేదు కాబట్టి అది పోయిన సంగతి ఏ పట్టికలోకీ ఎక్కదు. పేరు లేనిదాన్ని లెక్కించలేం. లెక్కలో లేనిదాన్ని కాపాడమని ఎవరినీ అడగలేం.

వాతావరణం వేడెక్కుతున్న ఈ కాలంలో ఈ సంగతికి మరింత ప్రాముఖ్యం ఉంది. వేడి పెరిగేకొద్దీ చెట్లు ఇంకాస్త ఎత్తుకు పాకగలుగుతాయి. అంటే వృక్షరేఖ పైకి జరుగుతుంది. అడవిపిట్టకు చోటు పెరగవచ్చు. బండలపిట్ట పైపైకి నెట్టబడవచ్చు. కొండ శిఖరానికి పైన మరి చోటు లేదు కదా! రెండింటినీ ఒకటిగా లెక్కిస్తే ఒకదాని లాభం రెండవదాని నష్టాన్ని కప్పేస్తుంది.

మీ చెవులకు పని

ఈ కథలో మొదటి అడుగుకు ప్రయోగశాల అవసరం పడలేదని గమనించండి. డి.ఎన్.ఎ. పరీక్షలు తరువాత వచ్చాయి. మొదట వచ్చింది "ఈ పాట వేరుగా ఉందే!" అన్న ఒక గమనిక. ఆ ప్రశ్న పుట్టకపోతే ఆ పరీక్షలు జరిగేవే కావు.

హిమాలయాలు దూరమని నిరాశ పడకండి. మన పొలాల్లో, బీడుభూముల్లో బుష్‌లార్క్ అనే మట్టిరంగు పిట్టలు తిరుగుతుంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జెర్డాన్స్ బుష్‌లార్క్, ఇండియన్ బుష్‌లార్క్ రెండూ ఉన్నాయి. చూపుతో విడదీయడం కష్టం; పాటతో తేలిక. మన జెర్డాన్స్ బుష్‌లార్క్‌ను, దాన్ని పోలిన ఇతర ప్రాంతాల బుష్‌లార్క్‌లను పాటల ఆధారంగా వేర్వేరు జాతులుగా 1998లో నిరూపించినది కూడా ఈ ఆల్‌స్ట్రోమే.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. పొద్దున్నే ఒక అరగంట మీ ఊరి చెరువుగట్టుమీదో, కాలేజీ ఆవరణలోనో కూర్చోండి. కనిపించిన పిట్ట పేరుతో పాటు, అది ఎక్కడ కూర్చుని పాడిందో, ఎలా పాడిందో కూడా రాసుకోండి. గీతలాంటి స్వరమా, మరకలాంటిదా? నెల తిరిగేసరికి మీకు తెలిసిన పిట్టే కొత్తగా పాడినట్లు అనిపించవచ్చు. అది యాస కావచ్చు, ఋతువు ప్రభావం కావచ్చు, మీ పొరపాటే కావచ్చు. తేదీ, స్థలం, సమయం రాసి ఉంచండి. పాటను సెల్‌ఫోనులో రికార్డు చేయండి. మర్నాడు మళ్ళీ వెళ్ళి వినండి.